మీ ల్యాప్‌టాప్‌లలో కక్షిదారుల బతుకులున్నాయి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బార్ కౌన్సిళ్ల ఛైర్మన్లకు, అన్ని జిల్లాల బార్ అసోసియేషన్ల అధ్యక్షులకు,



నేను న్యాయవాదిని కాను. జిల్లా కోర్టు ఎదుటి వీధిలో కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం నాది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ సభ్యులే. చార్జింగ్ ఎక్కడం లేదని, స్క్రీన్ నల్లబడిందని, కీబోర్డు మీద టీ ఒలికిందని తెస్తారు. సాయంత్రానికి కావాలి, రేపు వాదన ఉంది అని బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. పాస్‌వర్డ్ అడగకుండానే ఒక చీటీ మీద రాసిచ్చి మరీ వెళతారు. ఆ నమ్మకానికి నేను ఎప్పుడూ ద్రోహం చేయలేదు. కానీ ఒక కక్షిదారు రహస్యం నా మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

ముందు ఒక నిజం చెప్పాలి. చీటీ ఇవ్వకపోయినా నాకు పెద్ద తేడా పడదు. విండోస్ తెరవగానే అడిగే పాస్‌వర్డ్ డిస్కులోని ఫైళ్లను కాపాడదు. వెనక స్క్రూలు విప్పి, ఎస్ఎస్‌డీ ఊడదీసి, కొన్ని వందల రూపాయలకు దొరికే ఎన్‌క్లోజర్‌లో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలు, డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్లు అన్నీ వరసగా కనిపిస్తాయి. వీధి తలుపుకు తాళం వేసి పెరటి గోడ కట్టకుండా వదిలేసిన ఇల్లు లాంటిది అది. ఈ పనికి నైపుణ్యం అక్కర్లేదు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు మొదటి వారంలోనే చేయగలడు. బస్సులో బ్యాగు కొట్టేసినవాడు, పాత ల్యాప్‌టాప్ కొన్నవాడు, మీ ఎదుటి పక్షం డబ్బిచ్చి పంపినవాడు కూడా చేయగలరు.

ఆ డిస్కుల్లో ఏముంటాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. విడాకుల దావాలో భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు రాయించిన మాటలు, వాటికి జతచేసిన ఫోటోలు. పోక్సో కేసులో పసిపిల్ల వాంగ్మూలం. ఆస్తి తగాదాలో ఇంకా కోర్టులో వేయని దస్తావేజుల స్కాన్ కాపీలు, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ముందస్తు బెయిలు కోసం వచ్చినవాడు మీతో మాత్రమే చెప్పుకున్న సంగతులు. ఇదివరకు ఇవన్నీ కేసు కట్టల్లో ఉండేవి. గుమస్తా గారు సాయంత్రం బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇప్పుడు ఈ-ఫైలింగ్ వచ్చింది. 2023 సెప్టెంబరులో కేంద్రం 7,210 కోట్ల రూపాయలతో ఈ-కోర్టుల మూడో దశకు ఆమోదం తెలిపింది. కాగితం తగ్గుతున్న కొద్దీ కట్ట మొత్తం ల్యాప్‌టాప్‌లోకి చేరుతోంది. బీరువా తాళం మాత్రం ల్యాప్‌టాప్‌కు రాలేదు.

చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ ప్రకారం కక్షిదారు స్పష్టమైన అనుమతి లేనిదే అతను చెప్పిన సంగతి గానీ, వృత్తిలో భాగంగా చేతికొచ్చిన పత్రంలోని విషయం గానీ న్యాయవాది బయటపెట్టకూడదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 126వ సెక్షన్‌గా ఉండేది. అదే నియమం దుబాసీలకు, న్యాయవాదుల గుమస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని కొత్త 132వ సెక్షన్ చెబుతుంది. అందులో కంప్యూటర్ బాగుచేసేవాడి మాట లేదు. ల్యాప్‌టాప్ దొంగ మాట అసలే లేదు. కోర్టు బోనులో మిమ్మల్ని అడగకూడని ప్రశ్నకు జవాబు మీ డిస్కు ఎవరికైనా ఇచ్చేస్తుంది. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. ఆ పేరు వెయ్యిచోట్ల ఉన్న ఫోల్డరును తాళం లేకుండా ఊరంతా తిప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

తాళం లేని ఒక్క ల్యాప్‌టాప్ ఎంత దూరం పోతుందో చెప్పడానికి పాత ఉదాహరణలున్నాయి. 2006 మే నెలలో అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఒకరు ఇంటికి తీసుకెళ్లిన ల్యాప్‌టాప్, దాంతోపాటు ఒక హార్డ్ డిస్కు దొంగల పాలయ్యాయి. ఎన్‌క్రిప్ట్ చేయని, అంటే కీ లేకుండానే ఎవరైనా చదవగలిగే ఆ సమాచారం దాదాపు 2 కోట్ల 65 లక్షల మందికి సంబంధించినది. పరికరాలు తర్వాత దొరికాయి, అయినా ప్రభుత్వం 2009లో 2 కోట్ల డాలర్లు చెల్లించి కేసు రాజీ చేసుకోవాల్సి వచ్చింది. అదే 2006లో బ్రిటన్‌లో నేషన్‌వైడ్ అనే గృహరుణ సంస్థ ఉద్యోగి ఇంట్లో ల్యాప్‌టాప్ పోయింది. మరుసటి ఏడాది ఆ సంస్థకు పడిన జరిమానా 9 లక్షల 80 వేల పౌండ్లు. మన దగ్గర 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోనివారికి 250 కోట్ల దాకా జరిమానా పెట్టింది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు ఆ భద్రతా చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ను పేరు పెట్టి చెప్పాయి. అయితే జరిమానా భయంతో చేయించాల్సిన పని కాదిది. మీకు వకాలత్ ఇచ్చిన మనిషికి మీరు పడ్డ బాకీ.

ఇక డిస్కుకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్లలో ఏది ఎంచుకోవాలన్న మాటకు వస్తాను. మీ సభ్యులు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "మంచి సాఫ్ట్‌వేర్ ఏది?" నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? పాస్‌వర్డ్ మరిచిపోతే ఏం చేస్తారు? ఈ రెండింటికీ జవాబు తెలిసిన తర్వాతే సాఫ్ట్‌వేర్ పేరు అడగాలి. ఎందుకంటే గట్టి సాఫ్ట్‌వేర్లన్నిటి లోపలా పనిచేసే లెక్క దాదాపు ఒకటే. దాని పేరు ఏఈఎస్. బెల్జియంకు చెందిన యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ తయారుచేశారు. బహిరంగ పోటీలో గెలిచాక 2001 నవంబరులో అమెరికా ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. దాని తయారీ అంతా పుస్తకాల్లో అచ్చయి ఉంది, ఎవరైనా చదవచ్చు. అది తెలిసినా కీ లేనివాడు ఫైలు తెరవలేడు. 1883లోనే ఓగ్యుస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే ఆయన ఈ సూత్రం చెప్పాడు: పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, రహస్యం కీలో మాత్రమే ఉండాలి.

అందుకే, "మా రహస్య పద్ధతి మేమే కనిపెట్టాం", "మిలిటరీ స్థాయి భద్రత" అని ప్రకటనలు వేసుకునే చిన్నచిన్న ఫోల్డర్ లాక్ ప్రోగ్రాములను దూరం పెట్టమంటాను. వాటిలో కొన్ని ఫోల్డరును కంటికి కనిపించకుండా దాస్తాయంతే. డిస్కు ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అన్నీ మామూలుగా కనిపిస్తాయి. పాత జిప్ ఫైళ్ల పాస్‌వర్డ్ కూడా నమ్మదగింది కాదు. జిప్‌క్రిప్టో అనే ఆ పద్ధతిని ఎలా ఛేదించవచ్చో 1994లోనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. డాట్ డాక్ అనే పాత రకం వర్డ్ ఫైలుకు పెట్టిన పాస్‌వర్డ్ 40 బిట్ల కీ మీద నడిచేది, ఈనాటి కంప్యూటర్లకు అది పెద్ద పని కాదు. జూనియర్‌కు ఒకే ఒక్క ఫైలు పంపాలంటే సెవెన్-జిప్ ఉచితంగా దొరుకుతుంది. సెవెన్-జెడ్ రకం ఎంచుకుని, ఫైళ్ల పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్ చేయమన్న గడిలో టిక్కు పెట్టి, పాస్‌వర్డును అదే మెయిల్లో పంపకుండా ఫోనులో చెప్పండి.

కొంతమంది సీనియర్ల ల్యాప్‌టాప్‌లలో నాకు ఇప్పటికీ ట్రూక్రిప్ట్ కనిపిస్తుంది. వాళ్లు పదిహేనేళ్ల కిందటే జాగ్రత్తపడ్డ మనుషులు, వాళ్లంటే నాకు గౌరవం. ఆ సాఫ్ట్‌వేర్ కథ మాత్రం వాళ్లు తప్పక తెలుసుకోవాలి. 2004లో వచ్చిన ట్రూక్రిప్ట్ ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ కనిపించేది, ప్రపంచమంతా వాడింది. రాసినవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు. 2014 మే 28న వాళ్లు హఠాత్తుగా పని ఆపేశారు. ట్రూక్రిప్ట్ వాడటం సురక్షితం కాదు, బాగుచేయని లోపాలు ఉండవచ్చు, విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్‌కు మారండి అని ఒక ప్రకటన పెట్టి, పాత ఫైళ్లు తెరవడానికి మాత్రమే పనికొచ్చే ఆఖరి వెర్షన్ వదిలి వెళ్లిపోయారు. ఎందుకో ఇప్పటికీ అధికారికంగా చెప్పలేదు. అప్పటికే విరాళాలతో మొదలైన స్వతంత్ర తనిఖీ 2015 ఏప్రిల్‌లో ముగిసింది. కావాలని పెట్టిన దొంగదారి ఏదీ కనిపించలేదని ఆ నివేదిక తేల్చింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ పరిశోధకుడు జేమ్స్ ఫోర్షా ట్రూక్రిప్ట్ విండోస్ డ్రైవరులో రెండు తీవ్రమైన లోపాలు బయటపెట్టాడు. వాటిని సరిచేయడానికి ట్రూక్రిప్ట్‌కు యజమాని లేడు.

నేను ఆ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. సాఫ్ట్‌వేర్ ఈరోజు గట్టిగా ఉందా అన్నది ఎంత ముఖ్యమో, రేపు లోపం బయటపడితే సరిచేసే మనిషి ఉన్నాడా అన్నది కూడా అంతే ముఖ్యం. ట్రూక్రిప్ట్ కోడు మీదనే నిర్మించిన వెరాక్రిప్ట్ ఆ రెండు లోపాలనూ వెంటనే సరిచేసింది. ఫ్రాన్స్‌లో 2013లో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2016లో క్వార్క్స్‌ల్యాబ్ అనే సంస్థ దాన్ని తనిఖీ చేసి, దొరికిన లోపాలను బహిరంగంగా ప్రకటించింది, చాలావరకు సరిచేశారు. 2020లో జర్మనీ ప్రభుత్వ సమాచార భద్రతా సంస్థ కోసం ఫ్రాన్‌హోఫర్ సంస్థ మరోసారి పరిశీలించింది. లోపాలే లేవని చెప్పుకునే సాఫ్ట్‌వేర్ కంటే లోపాలు దొరికి, అచ్చయి, వాటిని సరిదిద్దుకున్న సాఫ్ట్‌వేర్‌నే నేను నమ్ముతాను. ఇంకో తేడా: మీరు పాస్‌వర్డ్ కొట్టాక కీ తయారుచేయడానికి ట్రూక్రిప్ట్ ఆ లెక్కను వెయ్యి, రెండు వేల సార్లు తిప్పేది. వెరాక్రిప్ట్ మామూలుగా 5 లక్షల సార్లు తిప్పుతుంది. మీకు అది రెండు మూడు క్షణాల ఆలస్యం. పాస్‌వర్డులు వరసగా ప్రయత్నించే దొంగకు ఆ ఆలస్యం ప్రతి ప్రయత్నానికీ పడుతుంది. పాత ట్రూక్రిప్ట్ ఫైళ్లు ఉన్నవాళ్లు ఆలస్యం చేయకండి: వాటిని తెరవగల ఆఖరి వెరాక్రిప్ట్ వెర్షన్ 1.25.9. ఆ తర్వాతి వెర్షన్లలో ఆ సౌకర్యం తీసేశారు. దానితో తెరిచి, కొత్త వెరాక్రిప్ట్ ఫైలులోకి సరుకంతా మార్చుకోండి.

అయినా మీ సభ్యులందరికీ వెరాక్రిప్ట్ పెట్టమని నేను అనను. రోజుకు ఐదు కోర్టులు తిరిగే మనిషి, కొత్త అలవాటు చేసుకోవడానికి తీరిక లేని మనిషి, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన తాళాన్నే వాడటం మంచిది. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్ ఉంటుంది. 2007లో విస్టాతో మొదలైన ఏర్పాటు. దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది హోమ్ ఎడిషన్. దానిలో పూర్తి బిట్‌లాకర్ ఉండదు గానీ, ఈమధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే చిన్న రూపం ఉంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అన్న చోట చూడండి. ఆన్ అని ఉంటే సంతోషం, కానీ అక్కడితో ఆగవద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ కాని ల్యాప్‌టాప్‌లో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయినట్టే ఉంటుంది, కీ మాత్రం తాళం లేకుండా అదే డిస్కు మీద పడి ఉంటుంది. అది రక్షణ కిందికి రాదు.

ఆపిల్ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు పని తేలిక. ఫైల్‌వాల్ట్ ఆన్ చేసి, అది ఇచ్చే రికవరీ కీ రాసుకోవాలి. లినక్స్ వాడే కొద్దిమందికి లక్స్ ఉంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే టిక్కు పెడితే సరిపోతుంది.

రికవరీ కీ గురించి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి, నా బల్ల ముందు మనుషులు కుప్పకూలింది దీని దగ్గరే. బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. మదర్‌బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ అయినా, నీలిరంగు తెర వచ్చి ఆ 48 అంకెలు అడుగుతుంది. అవి లేకపోతే ఫైళ్లు రావు. నేను తీయలేను, ల్యాప్‌టాప్ కంపెనీ తీయలేదు, కీ తమ దగ్గర లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా తీయలేదు. డివైస్ ఎన్‌క్రిప్షన్ అయితే ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి తనంతట తానే వెళ్తుంది. ఆ అకౌంట్ ఎవరిది? ఒక లాయరు గారి ల్యాప్‌టాప్ అమెరికాలో ఉన్న కొడుకు తన అకౌంట్‌తో సిద్ధం చేసి ఇచ్చాడు. అర్ధరాత్రి అతన్ని నిద్రలేపి అంకెలు చెప్పించుకున్నాం. ఇంకొకామెకు అమ్మిన దుకాణంవాళ్లు అప్పటికప్పుడు ఏదో మెయిల్ సృష్టించి పెట్టారు, ఆ మెయిల్ ఏమిటో ఎవరికీ గుర్తులేదు. ఆమె దగ్గర బ్యాకప్ కూడా లేదు. ఏళ్ల తరబడి రాసుకున్న దావాలు, జవాబు దావాలు పోయాయి. ఆ రోజు ఆమె నా దుకాణంలో కూర్చుని ఏడ్చింది. తాళం మంచిదే, ఎవరూ ఆమెకు తాళంచెవి ఎక్కడుందో చెప్పలేదు.

కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందంటే ఇంకో అర్థం కూడా ఉంది. చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే ఆ కంపెనీ దాన్ని ఇవ్వగలదు. ఆ అకౌంట్‌లోకి దూరినవాడికీ అది దొరుకుతుంది. సాధారణ సివిల్ ప్రాక్టీసు చేసే న్యాయవాదికి ఈ ప్రమాదం చిన్నది, దొంగతనం ప్రమాదం చాలా పెద్దది. అలాంటివారు డివైస్ ఎన్‌క్రిప్షన్‌తో హాయిగా ఉండవచ్చు. పౌరహక్కుల కేసులు, పెద్ద ఆర్థిక నేరాల కేసులు, పలుకుబడి ఉన్నవారి మీద కేసులు చూసేవారు మాత్రం కీ తమ చేతిలోనే ఉండే మార్గం పట్టాలి: ప్రో ఎడిషన్ కొనుక్కుని, కీని అకౌంట్‌లో కాకుండా కాగితం మీద అచ్చు వేసుకుని బిట్‌లాకర్ ఆన్ చేయాలి, లేదా వెరాక్రిప్ట్ వాడాలి. ప్రో ఉన్నవారు ల్యాప్‌టాప్ ఆన్ కాగానే పిన్ అడిగే ఏర్పాటు కూడా చేయించుకోండి. అది లేకపోతే కీని దాచి ఉంచే టీపీఎం అనే చిప్ తనంతట తానే దాన్ని ఇచ్చేస్తుంది. 2024లో ఒక భద్రతా పరిశోధకుడు ఒక పాత మోడల్ ల్యాప్‌టాప్ విప్పి, చవక సర్క్యూట్ బోర్డుతో చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య నడిచే కీని నిమిషం లోపే పట్టి చూపించాడు. పిన్ ఉంటే ఆ పని జరగదు.

బిట్‌లాకర్‌కు కూడా ఒక పాత గాయం ఉంది. కొన్ని ఎస్ఎస్‌డీలు తమలోనే ఎన్‌క్రిప్షన్ ఉందని చెప్పుకునేవి, బిట్‌లాకర్ ఆ మాట నమ్మి తన పని మానేసేది. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి కొన్ని ప్రసిద్ధ మోడళ్లలో పాస్‌వర్డ్ లేకుండానే సమాచారం తీయవచ్చని నిరూపించారు. 2019లో మైక్రోసాఫ్ట్ పద్ధతి మార్చింది. ఇప్పుడు కొత్తగా ఆన్ చేస్తే బిట్‌లాకరే స్వయంగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. అంతకుముందు ఆన్ చేసిన పాత ల్యాప్‌టాప్‌లు మాత్రం ఆ పాత స్థితిలోనే ఉండవచ్చు. ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయించాలి.

వెరాక్రిప్ట్ వాడేవారికి రెండు హెచ్చరికలు. డిస్కు మొత్తానికి వెరాక్రిప్ట్ పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తగిలించగానే విండోస్ దాన్ని గుర్తుపట్టలేక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. తొందరలో ఎస్ అని నొక్కినవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ క్యాన్సిల్ నొక్కాలి. గుమస్తాకూ జూనియర్లకూ కూడా ఈ మాట చెప్పి ఉంచాలి. రెండోది, విండోస్ ఉన్న డిస్కునే వెరాక్రిప్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తే అది ఒక రెస్క్యూ డిస్కు తయారుచేయమంటుంది. విసుగనుకోకుండా చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంట్లో ఉంచండి.

పాస్‌వర్డ్ ఎలా ఉండాలని అడుగుతారు. పిల్లల పేర్లు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కారు నంబరు వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని ఆరేడు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి. పద్యంలోవో పాటలోవో తీసుకోవద్దు, సామెతా వద్దు. ఎవరికైనా వరసగా తట్టే మాటలు యంత్రానికీ తడతాయి. పుస్తకం కళ్లు మూసుకుని తెరిచి వేలు పెట్టిన చోట మాట తీసుకోండి, ప్రతిసారీ వేరే పేజీ. ఒక వారం రోజూ కొడితే వేళ్లకు పట్టేస్తుంది. ఒక కాగితం మీద రాసి, రికవరీ కీతో కలిపి సీలు కవరులో పెట్టి బ్యాంకు లాకరులో ఉంచండి. ఆ కవరు ఉందని ఇంట్లో ఒక్కరికి తెలియాలి. న్యాయవాది హఠాత్తుగా చనిపోతే కక్షిదారుల పత్రాలు కక్షిదారులకు తిరిగి చేరాలి కదా.

ఎన్‌క్రిప్షన్ చేయలేని పనులు కూడా దాచకుండా చెప్పాలి, లేకపోతే నేను మీకు అబద్ధపు ధైర్యం అమ్మినట్టవుతుంది. ల్యాప్‌టాప్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి పనిచేస్తున్నంతసేపూ ఫైళ్లన్నీ మీకు ఎలా కనిపిస్తాయో అందులో దూరిన వైరస్‌కూ అలాగే కనిపిస్తాయి. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన నాగపూర్ న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్‌లోకి దాడిదారులు మాల్‌వేర్ ద్వారా చొరబడి ఫైళ్లు పెట్టారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. అలాంటి దాడిని ఏ డిస్కు ఎన్‌క్రిప్షనూ ఆపదు. తెలియని మెయిల్‌లోని అటాచ్‌మెంట్ తెరవకపోవడం, అప్‌డేట్లు వాయిదా వేయకపోవడమే దానికి మందు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కోర్టు వీధిలో ఇంకా చాలా ల్యాప్‌టాప్‌లు దాని మీదే నడుస్తున్నాయి. మూత మూయగానే ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్తుందే తప్ప ఆగిపోదు, కీ ఇంకా మెమరీలోనే ఉంటుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు మెమరీ చిప్‌లను చల్లబరిచి అందులోంచి కీలు తీసి చూపించారు. ప్రయాణం పెట్టుకున్నప్పుడు, నా వంటివాడికి ఇచ్చేటప్పుడు పూర్తిగా షట్‌డౌన్ చేయండి. వాట్సాప్‌లో, మెయిల్‌లో, పాత పెన్‌డ్రైవ్‌లలో మిగిలిన కాపీల సంగతి వేరే చూసుకోవాలి. క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునేవారికి క్రిప్టోమేటర్ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది, అది ఫైలు మీ ల్యాప్‌టాప్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. వీటన్నిటికంటే ముందు, ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టే రోజునే ఫైళ్లన్నిటికీ ఇంకో కాపీ తీసి పెట్టాలి. ఆ కాపీ ఉన్న డిస్కుకు కూడా తాళం వేయాలి.

ఇదంతా పోలీసుల నుంచి దాచడానికా అని ఎవరైనా అనుమానించవచ్చు. సొంత ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసుకోవడాన్ని మన చట్టం నిషేధించలేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారాన్ని 90 రోజులు మామూలు రూపంలో కూడా దాచి ఉంచాలన్న ముసాయిదా విధానాన్ని 2015 సెప్టెంబరులో కేంద్రం తెచ్చి, ప్రజలు మండిపడటంతో వెంటనే వెనక్కు తీసుకుంది. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద అధికారులు డీక్రిప్ట్ చేయమని ఆదేశించగలరు, ఆ అధికారం అలాగే ఉంది. న్యాయవాదుల విషయంలో 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు దారి స్పష్టం చేసింది: న్యాయవాది డిజిటల్ పరికరం కావాలంటే దాన్ని కోర్టు ముందే హాజరుపరచాలి, అభ్యంతరాలు విన్న తర్వాత, న్యాయవాది, కక్షిదారు సమక్షంలోనే తెరవాలి, ఇతర కక్షిదారుల రహస్యాలకు భంగం కలగకూడదు. ఆ తీర్పు న్యాయమైన దారిలో వచ్చేవారికి వర్తిస్తుంది. డిస్కు ఊడదీసుకుని వెళ్లేవాడు కోర్టు ముందుకు రాడు. తాళం లేని ల్యాప్‌టాప్‌లో ఆ తీర్పు మీకు ఇచ్చిన రక్షణ కూడా సగం వృథా.

బార్ కౌన్సిళ్లను నేను అడిగేది ఒక తీర్మానం. కక్షిదారుల పత్రాలు ఉండే ప్రతి ల్యాప్‌టాప్, హార్డ్ డిస్కు, పెన్‌డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలని వృత్తి ప్రమాణంగా ప్రకటించండి. కొత్తగా ఎన్‌రోల్ అయ్యే పిల్లలకు మొదటి రోజే చెప్పండి. వాళ్లకు ఇది అరగంట పని. బార్ అసోసియేషన్ల అధ్యక్షులను అడిగేది ఒక శనివారం. ఊళ్లో కంప్యూటర్ పని తెలిసినవాళ్లను పిలిచి బార్ హాల్లో కూర్చోబెట్టండి. సభ్యులు తమ ల్యాప్‌టాప్‌లు, ఒక ఖాళీ హార్డ్ డిస్కు తెచ్చుకుంటే బ్యాకప్ తీసి, ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, రికవరీ కీ అచ్చు వేసి ఎవరిది వారి చేతికే ఇవ్వవచ్చు. గుమస్తాలనూ రమ్మనండి. వయసు పైబడిన సీనియర్ల పక్కన వాళ్ల జూనియర్లను కూర్చోబెట్టండి. మా ఊళ్లో ఆ శనివారం పెడితే నేను రూపాయి తీసుకోకుండా వచ్చి, ఆఖరి ల్యాప్‌టాప్ దాకా కూర్చుంటాను. తేదీ చెప్పండి.

ఇట్లు,
మీ కోర్టు వీధిలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి